గడ్డి మూడు వారాలు ముందు మొలిచిన దేశం

ఆయన పోయారన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. ఇక్కడ అమెరికాలో, మా రెడ్‌మండ్ తెలుగువాళ్ల చర్చా గ్రూపులో, పొద్దున కాఫీ వేళకు. నేను చదివేలోపే కింద వరసగా దండాలు చేరాయి. "ఓం శాంతి", "సద్గతి కలుగుగాక", "వైకుంఠ ప్రాప్తిరస్తు". వైకుంఠమట! ఆయన బతికుండగా ఎదురుగా ఆ మాట అని ఉంటే, అక్కడ శీతాకాలం ఎన్ని నెలలు, మేత ఏం దొరుకుతుంది, పాలసముద్రం ఒడ్డున నేల ఉప్పుబారి ఉండదా అని అరగంట ప్రశ్నలు వేసేవారు. వెటకారానికి కాదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది.

మధ్యాహ్నానికి గ్రూపు నడిపే యువ ఇంజినీరు ఒక ప్రతిపాదన పెట్టాడు. "అంకుల్ గారి బిగ్ బుక్‌ని మనమే ప్రింట్ చేద్దాం. అది ఆయన లైఫ్‌టైమ్ డ్రీమ్. అదే మన ట్రిబ్యూట్." మళ్లీ దండాలు, బొటనవేళ్లు. నేనొక్కణ్ణే "వద్దు" అని రాశాను. ఎందుకు వద్దని నలుగురు అడిగారు. అది ఫోనులో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఆ పుస్తకం ఎందుకు అచ్చు కాకూడదో చెప్పాలంటే, దాన్ని రాసిన మనిషిని చూపించాలి.

ఆయన పశువుల డాక్టరు. ఒంగోలు పక్క నుంచి వచ్చి, ఈ రాష్ట్రంలోనే కొండలకు అవతల, తూర్పు వాషింగ్టన్ పొలాల్లో ముప్ఫై ఏళ్లు గుర్రాలకూ ఆవులకూ వైద్యం చేశారు. రిటైరయ్యాక ఇక్కడికి మారారు. అంతకు మించి ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. అడిగితే "ఏముందయ్యా, తిన్నా, తిరిగా" అనేవారు.

మనిషి పక్కన నడిచేటప్పుడు ఎప్పుడూ ఎడమ భుజం వైపే ఉండేవారు. గుర్రాన్ని ఎడమ నుంచే సమీపించాలట. ఎవరైనా గట్టిగా నవ్వితే ముందు వాళ్ల పళ్లు చూసేవారు. ఎవరింటికి భోజనానికి పిలిచినా లోపలికి వచ్చే ముందు వాళ్ల లాన్‌లో వంగి ఒక గడ్డిపోచ తెంపి నమిలేవారు. ఒకసారి ఆ ఇంటి ఇల్లాలు పరుగెత్తుకొచ్చి "అయ్యో అంకుల్, నిన్ననే కెమికల్ స్ప్రే చేయించాం!" అని కేక వేసింది. "తెలుస్తానే ఉందమ్మా, చేదుగా ఉంది" అని తాపీగా ఊసేశారు.

ఆయన నోట ఎప్పుడూ ఆడే మాట "గడ్డెక్కడ?" ఎంత పెద్ద విషయం చెప్పినా మొదట అదే అడిగేవారు. మా గ్రూపులో ఒకాయన ప్రాచీన భారతం ప్రపంచాన్నంతా ఏలిందని గంటసేపు ఉపన్యసించాడు. డాక్టరు గారు చేయెత్తారు. "అంత సైన్యం హిందూకుష్ దాటిందన్నావు. సంతోషం. గుర్రాలకు గడ్డెక్కడ?" ఉపన్యాసకుడు పుష్పక విమానం మీదికి మళ్లాడు. "అయితే మరీ మంచిది. దానికేం పోస్తారు?" అన్నారాయన. నేను ముప్ఫై ఏళ్లుగా వ్యాసాలు రాసి సాధించలేనిది ఆ ఒక్క ప్రశ్నతో సాధించేవారు.

అలాంటి మనిషి, జరగని చరిత్ర రాస్తున్నానని చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. జరిగినదానికే సాక్ష్యాలు చాలక చస్తుంటే, జరగనిదాన్ని నాలుగు వందల పేజీలు రాయడమేమిటి? "ఇది జ్యోతిషానికి తమ్ముడు డాక్టరు గారూ. వాడు రేపటి గురించి అబద్ధం చెప్తాడు, మీరు నిన్నటి గురించి చెప్తున్నారు" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నువ్వు తలరాతని నమ్మవు గదా?"

"నమ్మను."

"అంటే ఇట్టాగే జరిగి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదంటావు."

"లేదు."

"మరి ఇట్టా గాకుండా ఇంకెట్టా జరిగుండేదో లెక్కగా ఆలోచిస్తే నీకేంది నొప్పి? అట్టా ఆలోచించడం చేతగానివాడు ఇప్పుడు నడిచేది మారుతుందని జనానికి ఎట్టా చెప్తాడయ్యా?"

ఇంటికి వెళ్లి జవాబు కోసం నా పాత వ్యాసాలన్నీ తిరగేశాను. అప్పటి నుంచి ఆయన రాసింది రాసినట్టు వినడం మొదలుపెట్టాను.

ఆయన పట్టుకున్న ముక్క ఇది. రష్యాలో విప్లవం తర్వాత అంతర్యుద్ధం సాగుతుండగా, జారు పక్షాన పోరాడిన ఒక అశ్వికదళ సేనాని మంగోలియాలోకి దూరి రాజధానిని పట్టుకున్నాడు. చైనా ఏలుబడిలో ఉన్నవాళ్లనీ, రష్యా ఏలుబడిలో ఉన్నవాళ్లనీ, మంగోలు జాతివాళ్లందర్నీ కలిపి ఒక మహారాజ్యం కట్టాలని అతని పంతం. కొద్ది నెలలకే ఓడి, పట్టుబడి, తుపాకీకి బలయ్యాడు. అతని క్రూరత్వం గురించీ పిచ్చి నమ్మకాల గురించీ చరిత్రకారులు బోలెడు రాశారు. డాక్టరు గారికి అదే ఫిర్యాదు. "అందరూ వాడి పిచ్చి గురించే రాశారు. వాడి గుర్రాలేం తిన్నాయో సరిగ్గా ఒక్కడూ రాయలేదు."

ఆయన కట్టుకున్న నియమం ఒక్కటే. చరిత్రలో ఒకే ఒక్కటి మార్చాలి. రెండోది ముట్టుకోకూడదు. ఆయన మార్చింది ఇది: ఆ వసంతంలో గడ్డి మూడు వారాలు ముందు మొలిచింది. అంతే. శీతాకాలంలో డొక్కలెండిన గుర్రాలు మూడు వారాలు ముందే కండపట్టాయి, దండు ముందే కదిలింది, శత్రువు సిద్ధం కాకముందే ఉత్తరాన రైలుమార్గాన్ని తెగ్గొట్టింది. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టూ కారణంతో, గుర్రానికి రోజుకు ఎన్ని మైళ్లు, మందకు ఎంత బయలు, బావికీ బావికీ ఎంత దూరం అన్న కొలతలతో పేర్చుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లు పేర్చారు. ఆ రాజ్యం పేజీల్లో పెరిగి, బడులు కట్టి, రైలు వేసుకుని, పాతికేళ్లు బతికింది.

అందులో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం "మూడో వసంతం". రాజ్యం పుట్టిన మూడో ఏట పశువులకు మహమ్మారి వస్తుంది. గుర్రాలకు అంటదు ఆ జబ్బు. కానీ బండ్లు లాగే ఎడ్లు, పాలిచ్చే ఆవులు, జడలబర్రెలు కుప్పలుగా పోతాయి. అవి పోతే ఆ గుడారాల జనానికి తిండి లేదు, రాజ్యం లేదు. రాజధానిలోని పశువైద్య కేంద్రం, జబ్బు చేసి బతికిన పశువుల రక్తం నుంచి ఆ జబ్బును ఆపే సీరం తీసి, ఊరూరా పంపి మందల్ని కాపాడుతుంది. "లోకంలో అన్ని రాజ్యాల్నీ సైన్యాలు కాపాడినట్టు రాస్తారు. నా రాజ్యాన్ని పశువుల డాక్టర్లు కాపాడారు" అని చెప్పుకుని మురిసిపోయేవారు.

కిందటేడు పుస్తకం పూర్తయింది. విజయవాడ ప్రెస్సులో ప్రూఫులు తయారయ్యాయి. ఆయన "సరే" అంటే చాలు, అచ్చుకు ఎక్కుతుంది. ఎనభై దాటిన గుండె అప్పటికే మొరాయిస్తోంది. డాక్టర్లు వాల్వు పని అయిపోవచ్చిందని చెప్పారు. "ఒక్కసారి చేత్తో పట్టుకుంటే చాలయ్యా" అనేవారు. ముందుమాట నన్ను రాయమన్నారు. అప్పుడే గ్రూపువాళ్లు, పుస్తకం మీద నాకూ ఆయనకూ చర్చ పెడదామన్నారు. అంశం: ఆ సేనాని గెలిచి ఉంటే మంగోలులకు మేలు జరిగేదా?

మా చర్చలకు ఒక ఆనవాయితీ ఉంది. తెనాలిలో నాకు వాదించడం నేర్పిన మాస్టారు పెట్టిన నియమాన్నే ఇక్కడా నడుపుతున్నాం. మొదటి సగం ఎవరి పక్షం వాళ్లు వాదిస్తారు. టీ తర్వాత ఇద్దరూ కుర్చీలు మారాలి. ఇప్పటిదాకా కాదన్నదాన్ని అవునని వాదించాలి, అదీ ఎదుటివాడి కంటే బాగా. వెక్కిరింపుగా చేస్తే ఓడినట్టే. చివర్లో చేతులెత్తి ఓటు.

లైబ్రరీ మీటింగ్ రూమ్ ఆ రోజు నిండింది. రెండో వరసలో ఆయన భార్య కూర్చున్నారు. వదినగారు కూడా ఆ కొండల అవతలే, పశువుల రక్తపరీక్షలు చేసే ల్యాబులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. మొదట గాజు గొట్టాలు కడగడానికి చేరి, చివరికి ఆ ల్యాబులో కొత్తగా చేరేవాళ్లందరికీ పని నేర్పేదాకా వచ్చారు.

నేను సూటిగానే మొదలుపెట్టాను. "డాక్టరు గారూ, మీ పుస్తకంలో ప్రతి దండులో ఎన్ని గుర్రాలో ఉంది. సేనాని రాజధానిలో అడుగుపెట్టాక, యూదుల్ని ఇంటింటికీ వెతికి చంపారు. బోల్షివిక్కులని అనుమానం వచ్చినవాళ్లనీ చంపారు. ఇది కల్పన కాదు, చరిత్ర. మీరు దానికి ఎంత చోటిచ్చారు? నలభై ఒకటో పేజీలో సగం."

"అది నా మార్పుకు ముందే జరిగింది. నేను కల్పించలా, దాచలా."

"దాచలేదు. దాటేశారు."

"ఏ రాజ్యం పునాదిలో నెత్తురు లేదో ఒక్కటి చెప్పు. అంత దూరం వద్దు, మనం కూర్చున్న ఈ నేల ఎవరిదో చెప్పు ముందు."

గది చప్పట్లు కొట్టింది. నేను వదల్లేదు. "నెత్తురు మీద కట్టింది కూడా ఇల్లేనంటారా?"

"వానొస్తే తడవకుండా ఉంటే ఇల్లే!"

ఇంకా పెద్ద చప్పట్లు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

లోపల తిండీ తాగుడూ కూడదు కాబట్టి మా టీ ఎప్పుడూ పార్కింగ్ లాట్‌లోనే. సన్నటి జల్లు. కారు డిక్కీ తలుపు ఎత్తి, దాని కింద నిలబడి వదినగారు ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నారు.

"ఇద్దరూ గొంతులు తగ్గించుకోండి. లైబ్రరీ అమ్మాయి రెండుసార్లు తొంగి చూసిపోయింది" అన్నారు.

"అరిచేది మీ మరిది. నేను మాట్లాడతన్నానంతే" అన్నారాయన.

"ఇప్పుడు కుర్చీ మారాలి. మీ పుస్తకాన్ని మీరే తిట్టాలి. చేతనవుద్దా?" అన్నారు వదినగారు.

"ఉతికి ఆరేస్తా చూడు ఆ పుస్తకం రాసినోణ్ణి."

అందరం నవ్వాం. నేను ఆయన కుర్చీలో, పుస్తకం ప్రూఫులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నా కుర్చీలో కూర్చున్నారు. నా నోట్సు ఒకసారి చూసి, మూసి పక్కన పెట్టారు.

"ఏమయ్యా రచయితా, నీ మూడో వసంతం అధ్యాయం చాలా గొప్పదని ఊరంతా చెప్పుకుంటున్నావంట."

"అవును. నా రాజ్యాన్ని పశువుల డాక్టర్లు కాపాడారు" అన్నాను ఆయన గొంతుతోనే. గది నవ్వింది.

"దేంతో కాపాడారు?"

"సీరంతో."

"ఆ సీరం ఎవరు తీశారు?"

"రాజధానిలో పశువైద్య కేంద్రంలో పనిచేసేవాళ్లు."

"ఎంతమంది?"

"నలుగురు."

అక్కడ ఆయన ఆగారు. ఇది ఎత్తుగడ అనుకున్నాను. కాదు. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, నెమ్మదిగా అన్నారు: "నలభై ఒకటో పేజీ తియ్యి. పైకి చదువు. కింద నుంచి మూడో వాక్యం."

తీసి చదివాను. "ఆ మూడు రోజుల్లో పోయినవారిలో పశువైద్య కేంద్రంలో పనిచేసే నలుగురు కూడా ఉన్నారు."

అది చరిత్ర పుస్తకాల్లోంచి తెచ్చిన వాక్యం కాదు. ఊరు నిజంగా ఉన్నట్టు కనిపించాలని ఆయనే అల్లి పెట్టిన చిన్న వివరం. పెట్టి, మర్చిపోయారు. రెండు వందల పేజీల తర్వాత చచ్చినవాళ్ల చేతే సీరం తీయించి రాజ్యాన్ని నిలబెట్టారు. గుర్రపు డెక్కలో మేకు కూడా లెక్క తప్పని మనిషి!

నేనూ నియమానికి కట్టుబడ్డవాణ్ణి. ఆయన పక్షం నెగ్గించడం నా పని. "అయితేనేం? బయటి నుంచి కొత్తవాళ్లని తెప్పిస్తాం. రాజ్యం పెద్దది. నలుగురు పోతే నలభైమంది వస్తారు. దేశాలు నిపుణుల చేత కాదు, తెగువ ఉన్న నాయకుల చేత పుడతాయి!" అన్నాను. గది దద్దరిల్లింది. అంత పెద్ద చప్పట్లు నా జీవితంలో ఏ నిజానికీ రాలేదు.

"ఎక్కణ్ణించి తెస్తావు?" ఆయన గొంతు పెంచలేదు. "ఇదే పనిచేసేవాళ్లని ఇంట్లోంచి ఈడ్చి చంపావని తెలిసినోడు నీ ఊరికి వస్తాడా? వచ్చినా, నీ సిపాయి తలుపు కొట్టినప్పుడల్లా వాడి చెయ్యి వణకదా? వణికే చేత్తో సీరం తీస్తారా?"

అడుగుతూ ఆయన నన్ను చూడటం లేదు. రెండో వరసలో ఉన్న భార్యను చూస్తున్నారు.

గంట కొట్టారు. ఓటు పెట్టారు. మూడొంతుల చేతులు నా వైపు, అంటే సేనాని వైపు లేచాయి. యువ ఇంజినీరు పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "కంగ్రాట్స్ అంకుల్! మీరు అగైన్‌స్ట్‌గా ఆర్గ్యూ చేసినా మీ బుక్కే గెలిచింది!"

"చేతులెత్తినోళ్లలో సీరం తీయడం ఎంతమందికి వచ్చయ్యా?" అని అడిగారు ఆయన. అతను జోకనుకుని నవ్వాడు.

మర్నాడు ఆయన విజయవాడకు ఫోను చేసి అచ్చు ఆపించారు.

నేను కంగారుపడి వాళ్లింటికి పరుగెత్తాను. ఆ గుండెతో ఇంకో ఏడాది ఉంటారో లేదో. చేతికి రావలసిన పుస్తకాన్ని నా చర్చ కూల్చేసింది. దారిలోనే ఉపాయం ఆలోచించుకున్నాను. డైనింగ్ టేబుల్ మీద ప్రూఫులు పరుచుకుని కూర్చున్నారు. నలభై ఒకటో పేజీ నుంచి చివరిదాకా ప్రతి పేజీకీ మూల నుంచి మూలకు పెన్సిలుతో ఒక గీత.

"డాక్టరు గారూ, ఒక్క వాక్యం తీసేయండి. ఆ నలుగురూ మీరు కల్పించినవాళ్లే కదా. బతికించేయండి. ఎక్కడో దాక్కుని బయటపడ్డారని రాయండి. నాలుగు వందల పేజీలు నిలబడతాయి."

"అది రెండో మార్పు."

"ఎవరికి తెలుస్తుంది?"

"నీకు తెలుసు. వంటింట్లో ఉన్నామెకి తెలుసు." కాసేపు పెన్సిలు దొర్లించారు. "అది గూడా కాదులే. రాత్రంతా అదే ఆలోచించా. ఆ నలుగుర్ని బతికిస్తాననుకో. ఎందుకు? నా రాజ్యానికి పనికొస్తారని. మరి పక్క వీధిలో దర్జీ? రొట్టెలు కాల్చేవాడు? వాడి పిల్లలు? వాళ్లు లేకపోయినా నా రాజ్యం నడుస్తది గనక చావనియ్యాలా? పనికొచ్చేవాళ్లని వేరుచేసి మిగతావాళ్లని వదిలేసేవాడికీ, ఆ సేనానికీ తేడా ఏందయ్యా?"

నేను హేతువాదినని ఊళ్లన్నీ తిరిగి చెప్పుకున్నవాణ్ణి. ఆ ఉపాయంతో ఆయన గుమ్మం ఎక్కింది నేను. నన్ను తిట్టకుండా, టీ తాగి పొమ్మన్నారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మళ్లీ రాశారు. మార్పు అదే: గడ్డి మూడు వారాలు ముందు మొలిచింది. గెలుపులూ అవే. కానీ ఈసారి రాజధానిలో ఆయన గుర్రం దిగి నడిచారు. సగం పేజీ ముప్ఫై పేజీలైంది. ఒక్కొక్క ఇంటి తలుపూ తీసి, లోపల ఎవరున్నారో, తలుపు చప్పుడయ్యేసరికి ఏం చేస్తున్నారో రాశారు. పశువైద్య కేంద్రంలో గొట్టాలు మరగబెట్టే ఒక నడివయసు మనిషి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లని గద్దిస్తుంది, గొట్టాన్ని వెలుగుకు ఎత్తి పట్టి ఒక కన్ను మూసి చూస్తుంది. నేను వెళ్లినప్పుడు ఆయన రాస్తూ రాస్తూ వంటింట్లోకి కేకేసేవారు. "ఏమే, గొట్టాలు ఎంతసేపు మరగాలి?"

"అరగంట. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"నువ్వు చెప్పినట్టే రాస్తన్నా. కోప్పడతా చెప్పావని గూడా రాస్తన్నా."

మూడో వసంతం వచ్చింది. మహమ్మారి వచ్చింది. సీరం తీసేవాళ్లు లేరు. ఎడ్లు పోయాయి, ఆవులు పోయాయి. గుడారాలు విప్పుకుని జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. రాజ్యం చచ్చిపోయింది. నాలుగు వందల పేజీల పుస్తకం తొంభై పేజీలకు వచ్చింది.

చివరి పేజీ ఆయనే చదివి వినిపించారు. "ఇరవై ఏళ్లు పెంచారు. బాధగా లేదా?" అన్నాను.

"లేకేం. ఎన్ని పశువుల్ని చూశా, బతకదని తెలిసినదాన్ని బతుకుద్దని ఏ రైతుకీ చెప్పలా. ఇప్పుడు నాకు నేను చెప్పుకోమంటావా?" అన్నారు. ఆ వారం చాలా ఉత్సాహంగా ఉన్నారు. ముందుమాట గురించి తొందరపెట్టారు, అట్ట ఏ రంగులో ఉండాలో చెప్పారు. శుభ్రంగా టైపు చేసిన ప్రతి తయారైంది. అది విజయవాడ చేరేలోపే ఆస్పత్రిలో చేరారు. మళ్లీ ఇంటికి రాలేదు.

సంతాపసభ అదే లైబ్రరీ గదిలో పెట్టారు. యువ ఇంజినీరు తెర మీద పెద్ద పుస్తకానికి అట్ట చూపించాడు. ఏఐతో చేయించాడట. ఎర్రటి ఆకాశం, లేచిన గుర్రం, దాని మీద కత్తి ఎత్తిన వీరుడు. గది ముచ్చటపడింది. నేను లేచి, ఆయన స్వయంగా కొట్టేసిన పుస్తకాన్ని వేయడం నివాళి కాదు, ఆయన నోరు నొక్కడం అన్నాను. గడ్డెక్కడ అని అడిగిన మనిషికి కత్తి పట్టిన బొమ్మ కట్టబెట్టడం, ఆయన్ని మనకు కావలసిన మూర్ఖుడిగా మార్చుకోవడం అన్నాను. నా గొంతు ఎప్పట్లాగే పెరిగింది.

"సర్, విత్ రెస్పెక్ట్, ఆ చిన్న బుక్ ఆయన హెల్త్ బాగాలేనప్పుడు రాసింది. డిప్రెస్డ్‌గా ఉండి ఉంటారు. ఎండింగ్ చాలా నెగెటివ్. జనానికి ఇన్‌స్పిరేషన్ కావాలి కదా" అన్నాడు అతను. చెడ్డవాడు కాదు. ఆయన మంచం పక్కన ఆస్పత్రిలో రెండు రోజులు కూర్చున్నాడు. "పోనీ అలవాటు ప్రకారం ఓటు పెడదాం. ఆంటీ, మీరేమంటారు?"

వదినగారు లేచారు. ముందుకు రాలేదు, కూర్చున్న చోటనే నిలబడి మాట్లాడారు.

"రెండు పుస్తకాలూ నాకు చదివి వినిపించారు బాబూ. పెద్దదాంట్లో నన్ను ఒక్క వాక్యంలో చంపేసి, నా మీద పాతికేళ్ల రాజ్యం కట్టారు. వింటున్నప్పుడు నాకు తెలియలేదు. రాసినాయనకీ తెలియలేదు. ఆ రోజు ఈ గదిలో, ఆ కుర్చీలోంచి నన్ను చూశారే, అప్పుడు తెలిసింది ఇద్దరికీ." కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "చిన్నదాంట్లో కూడా నేను బతకను. కానీ నేను పోయాక ఆ రాజ్యం నిలబడదు. చిన్నది వెయ్యండి."

ఓటు ఎవరూ అడగలేదు.